కూర్మయ్య ఇంటివాళ్ళు పెళ్ళిబొమ్మలకు రంగు వదలగొట్టిన వైనం

జామివలసలో తెలివంతా ఎక్కడుందయ్యా అంటే, సున్నాల వీధి చివరింట్లో ఉంది. ఈ మాట ఊళ్ళోవాళ్ళెవరూ అనలేదు. ఆ ఇంటివాళ్ళే అనుకున్నారు. ఇంటి యజమాని కూర్మయ్య, ఆయన పెళ్ళాం గవరమ్మ, తమ్ముడు పైడయ్య. ముగ్గురూ ఊళ్ళో గోడలకి సున్నాలూ, తలుపులకి రంగులూ వేసుకుని బతికేవాళ్ళు.

తెలివంటే మామూలు తెలివా! వానొస్తే కొత్త గొడుగు తడిసిపోతుందని, దాన్ని మైనపుగుడ్డలో చుట్టి చంకలో పెట్టుకుని, కూర్మయ్య తను తడుస్తూ వచ్చేవాడు. "గొడుగుని పాతబడకుండా వాడటం అందరికీ చేతకాదే," అని పెళ్ళాంతో అనేవాడు తుమ్ముతూ. ఊరెళ్ళాల్సి వస్తే ఇంటికి తాళం వేసి, తాళంచెవి దొంగల చేతిలో పడకూడదని కిటికీలోంచి ఇంట్లోకి విసిరేసేవాడు. తిరిగొచ్చాక ముగ్గురూ పైకెక్కి, పెంకులు తీసి లోపలికి దిగేవాళ్ళు. "మనకే ఇంత కష్టంగా ఉంటే, పాపం దొంగకి ఎంత కష్టమో!" అని గవరమ్మ మురిసిపోయేది.

"లోకం ఎందుకు పాడైందో తెలుసా?" అనేవాడు కూర్మయ్య, అరుగు మీద కాళ్ళు చాపుకుని. "ఒకటి చెబితే ఇంకోటి చేస్తారు. మన ఇంట అలా కాదు. ఏ మాట చెబితే ఆ మాటే. అక్షరం పొల్లుపోదు."

ఆ యేడు వేసవిలో కామేశ్వరమ్మగారని ఒక పెద్దావిడ ఆ ఊళ్ళో ఇల్లు తీసుకుని దిగింది. కొత్త మనిషి కదా, పాపం, ఈ ఇంటి తెలివి గురించి ఆవిడకి ఎవరూ చెప్పలేదు.

ఆవిడ దగ్గర ఒక చెక్కబొమ్మల సెట్టు ఉంది. పెళ్ళి ఊరేగింపు. పెళ్ళికొడుకు, పెళ్ళికూతురు, పురోహితుడు, సన్నాయి ఊదేవాడు, ఒక ఏనుగు. వాళ్ళ తాత తన చేత్తో చెక్కినవి. ఆవిడ భర్త మంచివాడే గానీ కుదురు లేని మనిషి. ఏటా దసరాకి ముందు తలుపులకి వేయగా మిగిలిన ఆకుపచ్చ రంగు తీసుకొచ్చి, బొమ్మలకి కూడా ఒక పూత పూసేవాడు. ఆయన పోయి చాలా ఏళ్ళయింది, ఆయన పూసిన ఆకుపచ్చ మాత్రం పోలేదు. పూత మీద పూత పడి, పెళ్ళికూతురికీ ఏనుక్కీ ముఖంలో తేడా తెలియకుండా పోయింది.

ఆవిడ అక్క భ్రమరాంబగారు అది చూసి, "తాత బొమ్మల్ని తలుపులు చేసి పెట్టారు కదే, మొగుడూ పెళ్ళామూ కలిసి!" అని తిట్టి వెళ్ళిపోయింది. అప్పట్నుంచి అక్కాచెల్లెళ్ళకి మాటల్లేవు. ఇన్నాళ్ళకి ఆ అక్క, ఈ దసరా కొలువుకి వస్తున్నానని కబురు చేసింది. కబురు విన్నప్పట్నుంచీ కామేశ్వరమ్మగారు బొమ్మల పెట్టె తెరవడం, చూడటం, మూసెయ్యడం.

ఆవిడ వీధి గుమ్మంలో నిలబడి, దారిన పోయే కూర్మయ్యని ఆపి, "బాబూ, ఈ ఊళ్ళో రంగుల పనిలో చెయ్యి తిరిగినవాళ్ళు ఎవరైనా ఉన్నారా?" అని అడిగింది.

కూర్మయ్య సున్నం బాల్చీ కింద పెట్టాడు. కుడి చెయ్యి భుజం దగ్గర్నుంచి గిలకలా గిరగిరా తిప్పాడు. తర్వాత ఎడమ చెయ్యి తిప్పాడు.

"రెండూ తిరుగుతాయమ్మగారూ. మా తమ్ముడికి మాత్రం ఎడమది సగం తిరిగి పట్టేస్తుంది."

ఆవిడ నవ్వేసింది. సరదా మనిషే అనుకుంది. పేరడిగి, లోపలికి పిలిచి బొమ్మల పెట్టె తెరిచింది.

"ఈ పాత రంగంతా వదలగొట్టాలి కూర్మయ్యా. అడుగున చెక్క కనపడాలి. ఆ తర్వాత మళ్ళీ మొదటినుంచీ రంగులు వేయించుకుంటాను." పెళ్ళికూతురి బొమ్మని చేతిలోకి తీసుకుని ముఖం మీద బొటనవేలితో రాసింది. "ఇక్కడ ఒక నవ్వు ఉండేది. మా తాత చెక్కిన నవ్వు. ఈ రంగు కింద ఎక్కడో ఉండిపోయింది."

కూర్మయ్య వంగి ఆ బొమ్మ ముఖంలోకి తొంగి చూశాడు. "ఎక్కడున్నా పట్టుకొస్తానమ్మగారూ," అన్నాడు.

"వీటిని కడుపున పుట్టిన పిల్లల్లా చూసుకోవాలి. పని మాత్రం నానబెట్టకండి."

"అక్షరం పొల్లుపోదు," అన్నాడు కూర్మయ్య, పెట్టె నెత్తిన పెట్టుకుని.

ఇంటికి రాగానే గవరమ్మ కొంగు బిగించింది. కడుపున పుట్టిన పిల్లలంటే ఏం చేస్తారు? తలంట్లు పోస్తారు. అంతే, బొమ్మలన్నిటికీ నువ్వులనూనె పట్టించి, కాళ్ళూ చేతులూ సాగదీసి మర్దనా చేసింది. సాంబ్రాణి పొగ వేసింది. పురోహితుడి పిలక దువ్వింది. ఏనుక్కి ఉగ్గు పట్టబోతే తొండం అడ్డొచ్చింది.

"తినవేమే! తింటేనే గదా పెద్దదానివవుతావు," అని ఏనుగుని కోప్పడింది.

"వదినా, అది ఇంకా పెద్దదైతే ఇంట్లో పట్టదు," అన్నాడు పైడయ్య భయంగా.

సరే, అసలు పనిలోకి దిగారు.

"వదలగొట్టడమంటే ఎలాగన్నయ్యా?"

"మాటలోనే ఉంది కదరా పైడీ. ముందు వదలాలి. తర్వాత కొట్టాలి."

ఇంకేముంది! పైడయ్య ఏనుగుని పట్టుకుని నిచ్చెన ఎక్కాడు. కూర్మయ్య బట్టలు బాదే కర్ర పట్టుకుని కింద నిలబడ్డాడు.

"వదల్నా?"

"వదులు!"

పైడయ్య వదిలాడు. కూర్మయ్య కొట్టాడు. ఏనుగు గోడ దాటి ఎగిరిపోయింది. జామివలసలో ఏనుగు ఎగరడం అదే మొదలు. పక్కింటి వడ్రంగి సోమలింగం అప్పుడే పెరట్లో కూచుని గంజి తాగుతున్నాడు. ఏనుగు వెళ్ళి సూటిగా ఆయన గంజి గిన్నెలో దిగింది.

మీసాల నిండా మెతుకులతో, చేతిలో ఏనుగుతో సోమలింగం వచ్చాడు. "ఎవర్రా నా గంజిలో ఏనుగుని వేసింది?"

"వెయ్యలేదు బావా, వదిలి కొట్టాం," అన్నాడు కూర్మయ్య. "రంగు ఏమన్నా పోయిందేమో చూడు."

సోమలింగం సంగతంతా విని నెత్తి కొట్టుకున్నాడు. "ఒరే, రంగు అలా పోదురా. సోడా నీళ్ళలో నానబెట్టాలి. మెత్తబడ్డాక, చెక్క నునుపు చేసే ఉప్పుకాగితం పెట్టి రుద్దాలి. అంతే!" అని చెప్పి, మిగిలిన గంజి తాగడానికి వెళ్ళిపోయాడు.

ఇక్కడొచ్చింది చిక్కు. అమ్మగారు నానబెట్టొద్దంది. సోమలింగం నానబెట్టమన్నాడు. ముగ్గురూ అరుగు మీద కూచుని బుర్రలు గోక్కున్నారు. ఎవరి మాట తీసేసినా తప్పే కదా మరి! చివరికి కూర్మయ్య తొడ కొట్టి లేచాడు.

"గొడుగు మైనపుగుడ్డ పట్రావే! సోడాలో పెడదాం. కానీ నాననివ్వొద్దు."

"ఎంత తెలివయ్యా నీది," అంది గవరమ్మ, కళ్ళు తిరిగినంత పనై.

అంతే, గోళీసోడా బండివాణ్ణి ఇంటికి పిలిపించారు. బండిలో ఉన్న సీసాలన్నీ కీచు కీచుమని కొట్టించి, గంగాళంలో పోయించారు. బొమ్మల్ని మైనపుగుడ్డలో గట్టిగా మూటకట్టి అందులో దించారు. గంగాళంలో బుడగలు బుసబుసా లేచాయి.

"అయ్యో, పొయ్యి పెట్టకుండానే ఉడికిపోతోంది!" అని గవరమ్మ విసనకర్రతో విసిరింది.

ఎంత ఉడికిందో చూద్దామని పైడయ్య ఒక చెంబు ముంచుకుని తాగాడు. బాగుందని ఇంకో చెంబు తాగాడు. ఆ పైన వాడు తేన్చిన తేన్పుకి కోళ్ళు గోడెక్కాయి.

సాయంత్రం మూట విప్పారు. బొమ్మలు ఎక్కడివక్కడ పొడిగా ఉన్నాయి.

"చూశారా! ఒక్క చుక్క తడవలేదు," అన్నాడు కూర్మయ్య. "అమ్మగారి మాటా దక్కింది, సోమలింగం మాటా దక్కింది."

"మరి రంగు పోలేదేం అన్నయ్యా?"

"దానికి ఇంకా తెలిసినట్టు లేదురా. సోడాలో పెట్టిన సంగతి."

మర్నాడు ఉప్పుకాగితం పని పెట్టుకున్నారు. పాత పేపర్లు తెచ్చి, కల్లుప్పు దంచి, కాగితం మీద పోసి, బొమ్మలకి రుద్దటం మొదలెట్టారు. గవరమ్మ తలంటిన నూనె ఇంకా ఒంటి మీద ఉందేమో, రుద్దిన ఉప్పు రుద్దినట్టే అంటుకుపోయింది. పెళ్ళివారంతా ఉప్పుచేపల్లా తయారయ్యారు.

"తెల్లబడుతున్నాయి! రంగు పోతోంది!" అని పైడయ్య గంతులేశాడు.

అరుగు మీద వరసగా ఎండలో నిలబెట్టి ముగ్గురూ అన్నాలకి లోపలికెళ్ళారు. ఇంతలో సోమలింగం గేదె ఆ దారిన వచ్చింది. ఉప్పు వాసన తగిలింది. ఇంకేముంది! పురోహితుణ్ణి నాకింది. సన్నాయివాణ్ణి నాకింది. పెళ్ళికూతురిని రెండు చెంపలా నాకింది. పెళ్ళికొడుకు మరీ రుచిగా ఉన్నాడేమో, నోట కరుచుకుని వీధిన పడింది.

వెనకాల కూర్మయ్య, అతని వెనకాల పైడయ్య, వాళ్ళ వెనకాల అన్నం తినే కంచాన్ని గరిటెతో వాయిస్తూ గవరమ్మ. ఏదో ఊరేగింపు వస్తోందనుకుని ఆడవాళ్ళు గుమ్మాల్లోకొచ్చి చూశారు. ఊరేగింపే మరి! అందరు పెళ్ళికొడుకులూ గుర్రం మీద ఊరేగుతారు, ఇతగాడు గేదె నోట్లో ఊరేగాడు. చివరికి చెరుకు గెడ చూపిస్తే గేదె నోరు తెరిచింది. పెళ్ళికొడుకు దక్కాడు గానీ, చెక్క తలపాగా మాత్రం విరిగి గేదె కడుపులోకి పోయింది.

"పోన్లే, ఎండకి తల చల్లగా ఉంటుంది," అన్నాడు కూర్మయ్య. అన్నాడే గానీ లోపల ఏదో గుచ్చుకుంది. ఇంటికొచ్చి పెళ్ళికూతురి ముఖంలోకి చూశాడు. ఆకుపచ్చ తప్ప ఏమీ లేదు. అమ్మగారు బొటనవేలితో రాసిన చోట తనూ రాశాడు. నవ్వు ఎక్కడా తగల్లేదు.

అప్పుడే కామేశ్వరమ్మగారు కూరలు కొనుక్కుని ఆ వీధిన పోతూ కేకేసింది. బొమ్మల్ని కడిగి ఎండబెట్టి ఉంటారని ఆవిడ లెక్క. "కూర్మయ్యా, బొమ్మలు ఆరాయా?"

కూర్మయ్య తలుపు సందులోంచి తల బయట పెట్టాడు. "ఇంకా లేదమ్మగారూ!"

"త్వరగా ఆరేట్టు చూడు నాయనా. అక్క వచ్చేస్తోంది."

ఆవిడ వెళ్ళాక కూర్మయ్య తమ్ముణ్ణి పిలిచాడు.

"ఒరే పైడీ, దీపం ఎప్పుడు ఆరుతుంది?"

"గాలొస్తే ఆరుతుంది."

"వెలిగించకుండానే ఆరుతుందా?"

"ఎలా ఆరుతుంది? ముందు వెలగాలి కదా!"

"మరి బొమ్మల్ని వెలిగించకుండా ఆరమంటే ఎలా ఆరతాయిరా?"

పైడయ్య నోరు తెరిచి అన్న కాళ్ళకి దండం పెట్టాడు.

అంతే, పెరట్లో ఎండుగడ్డి పోగేశారు. పెళ్ళివారందర్నీ దాని మీద కూచోబెట్టారు. గవరమ్మ పొయ్యిలోంచి కొరివి తెచ్చి అంటించింది. గడ్డి భగ్గుమంది. ఏనుగు పొగలో మునిగింది. ముగ్గురూ చుట్టూ నిలబడి, బాగా వెలిగాక ఊది ఆర్పేద్దామని బుగ్గల నిండా గాలి పట్టుకున్నారు.

కూర్మయ్య కళ్ళు మాత్రం పెళ్ళికూతురి మీదే ఉన్నాయి. ఆ వేడికి ముఖం మీద ఆకుపచ్చ రంగు బొబ్బలు బొబ్బలుగా లేస్తోంది. మంటలు చీర కుచ్చిళ్ళ దాకా వచ్చాయి. ఉన్నట్టుండి కూర్మయ్య బుగ్గల్లో గాలంతా కేకై బయటికొచ్చింది.

"నవ్వు కాలిపోతోందే! అమ్మగారి నవ్వు కాలిపోతోందే!"

మంటలో చెయ్యి పెట్టేశాడు. పెళ్ళికూతురిని లాగి గుండెకి అదుముకున్నాడు. వేళ్ళు చుర్రుమన్నాయి, చొక్కా కమిలింది, అయినా వదల్లేదు. ఆ కేకలకి సోమలింగం గోడ దూకి వచ్చాడు. చూస్తే మంట. చుట్టూ చూస్తే గంగాళం నిండా నిన్నటి సోడా. ఎత్తి కుమ్మరించాడు. బుస్సుమని పెరడంతా పొగ.

పొగ తగ్గాక సోమలింగం తడి గోనెపట్టా తీసుకుని ఏనుగుని తుడిచాడు. తుడిచిన చోట ఆకుపచ్చ రంగు, ఉడికిన చేమదుంప తోలులా, ఒక్క పొరగా ఊడొచ్చింది. కింద చెక్క! లేత గంధం రంగు చెక్క, అంచుల్లో కాస్త మసి.

"ఓరి మీ తెలివి తగలెయ్య!" అన్నాడు సోమలింగం.

కూర్మయ్య పెళ్ళికూతురి ముఖాన్ని కాలిన వేళ్ళతోనే మెల్లగా తుడిచాడు. రంగు పొరలు పొరలుగా రాలింది. ముందు ముక్కు వచ్చింది. తర్వాత చెంప. ఆ చెంప పక్కన పెదవి మూల సన్నగా, కొంటెగా, ఏదో చెప్పబోయి ఆపుకున్నట్టు ఒక నవ్వు.

"అమ్మగారు చెప్పిన చోటే ఉంది," అన్నాడు కూర్మయ్య. గవరమ్మ కొంగుతో కళ్ళు ఒత్తుకుంది. పొగకేనంది.

మసి తుడిచిన బొమ్మల్ని తీసుకెళ్ళి చూపిస్తే, కామేశ్వరమ్మగారు పెళ్ళికూతురిని వెలుతురులోకి తీసుకెళ్ళి ఆ నవ్వు చూసుకుంది. తలపాగా సంగతి కూడా అడగలేదు. కూర్మయ్య వేళ్ళకి వెన్న రాసింది. తర్వాత ముందుగదిలో కొలువు మెట్ల మీద బొమ్మల్ని వరసగా నిలబెట్టింది. ఇంతలో అక్క వచ్చే రైలుకి వేళయింది.

"రంగులు అక్కా నేనూ కూచుని ఆలోచించుకుంటాం. నేను స్టేషన్ నుంచి వచ్చేదాకా మీరు ఇక్కడే ఉండి, బొమ్మల మీద ఓ కన్నేసి ఉంచండి," అని చెప్పి రిక్షా ఎక్కింది.

రిక్షా మలుపు తిరిగిందో లేదో, కూర్మయ్య పైడయ్యని ఇంటికి పరుగెత్తించాడు. వాడు కిటికీ ఊచలకి వేసే నల్లరంగు డబ్బా, సన్న కుంచె తెచ్చాడు.

"ఓ కన్నేనా? రెండూ వేసేస్తే పోదూ?" అంది గవరమ్మ.

"ఒక్కటే అన్నారే ఆవిడ. రెండోది వేస్తే మాట మీరినట్టు కాదూ?"

కాలిన వేళ్ళతో కుంచె పట్టుకుని, నాలిక బయటపెట్టి, కూర్మయ్య ఒక్కో బొమ్మకీ ఒక్కో కన్ను వేశాడు. పెళ్ళికూతురికి ఒకటి. పెళ్ళికొడుక్కి ఒకటి. సన్నాయివాడికి ఒకటి. పురోహితుడి కన్ను కాస్త పెద్దదైంది. ఏనుక్కి ఏ వైపు వెయ్యాలో తేలక, నుదుటి మధ్య వేశాడు. దూరంగా జరిగి చూసుకుంటే తనకే ముచ్చటేసింది.

అక్కాచెల్లెళ్ళు వచ్చారు. భ్రమరాంబగారు గుమ్మంలో చెప్పులు విడిచి, చెల్లెలి ముఖం చూడకుండా బిర్రబిగుసుకుని తిన్నగా కొలువు దగ్గరికి నడిచింది. ఆగింది. కామేశ్వరమ్మగారు అక్క భుజం మీదనుంచి చూసి, చేతిలో సంచీ జారవిడిచింది. సంచీలో పళ్ళు నేల మీద దొర్లాయి. ఎవరూ ఏరలేదు. కూర్మయ్య మాత్రం మెచ్చుకుంటారని చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"కామూ," అంది భ్రమరాంబగారు మెల్లగా. "ఈ పెళ్ళివారంతా నన్ను చూసి కన్ను కొడుతున్నారేమే?"

కామేశ్వరమ్మగారు బొమ్మల వంకా, కూర్మయ్య వంకా మార్చి మార్చి చూసింది.

"పురోహితుడు కూడానా! ముసలాడికి ఏం పోయేకాలమే! ఈ బోడితల పెళ్ళికొడుకు చూడు, అచ్చం మీ ఆయనే. పెళ్ళిచూపుల్లో నీకు ఇలాగే కొట్టాడుగా కన్ను!"

అంతే. ముందు అక్కకి నవ్వొచ్చింది. ఆ నవ్వు చూసి చెల్లెలికొచ్చింది. ఏనుగు నుదుట కన్ను చూశాక ఇద్దరికీ పొట్ట పట్టుకునే నవ్వు. నిలబడలేక నేల మీద కూలబడ్డారు. నవ్వుతూ నవ్వుతూ కామేశ్వరమ్మగారు అక్క ఒళ్ళో తల పెట్టి ఏడ్చేసింది. "ఇన్నేళ్ళు రాకుండా ఎలా ఉన్నావే అక్కా?" అంటే, "ఆ ఆకుపచ్చ చూడలేకనే," అని భ్రమరాంబగారు చెల్లెలి జుట్టు నిమిరింది. పెళ్ళికూతురిని చేతిలోకి తీసుకుని పెదవి మూల వేలితో తడిమింది. "తాతది," అంది.

తర్వాత కొంగు దోపుకుంది. "కుంచె ఇలా తే. రెండో కన్ను నేను వేస్తాను. నువ్వు చీరకి రంగు కలుపు. ఆకుపచ్చ తప్ప ఏదైనా సరే."

రోజంతా అక్కాచెల్లెళ్ళిద్దరూ మోకాళ్ళు ఆనించి కూచుని, కబుర్లతో బొమ్మలకి రంగులేశారు. గోడవారన కూర్మయ్యా, గవరమ్మా, పైడయ్యా నిలబడి చూశారు. మర్నాడు కొలువు. ఉదయాన్నే ముగ్గురూ మళ్ళీ హాజరు. కామేశ్వరమ్మగారు ముగ్గురికీ కొత్తబట్టలు పెట్టింది, కడుపు నిండా బూరెలూ పులిహోరా పెట్టింది. పేరంటాళ్ళు వచ్చే వేళయింది. భ్రమరాంబగారు గుమ్మం దాకా వచ్చి నవ్వుతూ అంది, "ఇక మీరు వెళ్ళిరండి నాయనా."

ముగ్గురూ దండాలు పెట్టి వెళ్ళారు. వీధి మలుపు దాకా వెళ్ళారు. వచ్చారు.

"ఏమైనా మర్చిపోయారా?" అంది భ్రమరాంబగారు.

"లేదమ్మగారూ. వెళ్ళి రమ్మన్నారుగా. వెళ్ళాం. వచ్చాం."

ఆవిడ నవ్వింది. "సరే సరే, మంచిది. వెళ్ళిరండి."

వెళ్ళారు. వచ్చారు.

ఈసారి పేరంటాళ్ళు చూస్తున్నారు. పండగ పూట, కొత్తబట్టలు పెట్టిన మనుషుల్ని గుమ్మంలో నిలబెట్టి "పొండి" అని ఎలా అంటారు? నోరెలా వస్తుంది? కామేశ్వరమ్మగారు దగ్గరికొచ్చి చేతులు జోడించింది. "బాబ్బాబు, మీకు పుణ్యముంటుంది. క్షేమంగా వెళ్ళిరండి."

"అలాగేనమ్మగారూ!" అని ముగ్గురూ మలుపు దాకా క్షేమంగా వెళ్ళారు. క్షేమంగా తిరిగి వచ్చారు.

పొద్దు వాలుతోంది. కొలువు ముందు పేరంటాళ్ళు పాటలు పాడుతున్నారు, బొమ్మల్ని ఎవరూ చూడటం లేదు, అందరి కళ్ళూ వీధిలోనే. మలుపు దగ్గర గవరమ్మ కాళ్ళు పట్టుకుని కూలబడింది.

"ఇంకెన్నిసార్లయ్యా? నా వల్ల కాదు."

కూర్మయ్య కండువాతో చెమట తుడుచుకుని, పెళ్ళాం వంక జాలిగా చూశాడు.

"పిచ్చిమొహమా, ఎంత గౌరవమో చూడవే! వచ్చిన ప్రతిసారీ మళ్ళీ రమ్మంటున్నారు. ఈ ఊళ్ళో ఇంకెవర్నైనా ఒక్కసారికి మించి పిలిచారా? లే, లే. ఈసారి పరుగెత్తుదాం. ఆలస్యమైతే అమ్మగారు ఏమనుకుంటారో!"